మంచి శిక్ష, చాలా చేష్టలు: బోర్డర్ బడుల్లో హైస్కూల్ పిల్లలతో తెలుగు యాక్టివిటీలు, ప్రాజెక్టులు ఎలా చేయించాలి

కొన్నేళ్ళ కిందట తొమ్మిదో క్లాస్ వాళ్ళకి మా నాన్న అనే టాపిక్ ఇచ్చి పది లైన్లు రాయమన్నాను. ఒక పిల్లాడు రాసిన రెండో లైన్ ఇది: "మా నాన్న నాకు మంచి శిక్ష ఇవ్వాలని చాలా చేష్టలు చేస్తున్నారు."

నవ్వేశాను. క్లాస్‌లో గట్టిగా చదివాను కూడా, అందరూ నవ్వారు, వాడు తల దించుకున్నాడు. ఎర్ర పెన్నుతో రెండు మాటల కిందా గీత గీసి పదికి మూడు వేశాను. రాత్రి అన్నం దగ్గర కూచున్నాక వెలిగింది. ఒడియాలో శిక్షా అంటే చదువు, చేష్టా అంటే ప్రయత్నం. వాళ్ళ నాన్న ఆటో తోలి వాణ్ణి చదివించడానికి పడుతున్న పాట్లు వాడు చక్కగా రాశాడు, కాకపోతే ఒడియా అర్థాలతో తెలుగు అక్షరాల్లో రాశాడు. రెండు భాషలూ తెలిసిన నేను అది పట్టుకోలేకపోయాను, తప్పు ఎవరిదో మీరే చెప్పండి. మర్నాడు అందరి ముందూ సారీ చెప్పి మార్కులు మార్చాను. ఆ తర్వాత నా క్లాస్ నడిపే పద్ధతి కూడా మెల్లగా మారింది, అదే ఇక్కడ చెప్తున్నా.

ఇది ఎవరికి పనికొస్తుందంటే ఒడిశాలో ఆంధ్ర బోర్డర్ వైపు ఉన్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ఇలాంటి చోట్ల ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలకి తెలుగు చెప్పే టీచర్లకి, ట్యూషన్ చెప్పేవాళ్ళకి, ఇంట్లో పిల్లలకి తెలుగు పోతోందని బాధపడే అమ్మానాన్నలకి. పదో క్లాస్ వాళ్ళని వదిలేయండి, వాళ్ళకి బోర్డు పరీక్షల టెన్షన్ ఉంటుంది. వారానికి ఒక్క పీరియడ్ చాలు, మిగతా రోజులు పాఠాలు మామూలుగానే చెప్పుకోండి. కావాల్సినవి తలా ఒక అరవై పేజీల నోట్‌బుక్, ఒక ఖాళీ బిస్కెట్ డబ్బా లేదా చెప్పుల అట్టపెట్టె, రికార్డింగ్ అయ్యే ఫోన్ ఒకటి, చార్టు పేపర్లు. ప్రొజెక్టర్లూ స్మార్ట్ బోర్డులూ ఉంటే మంచిదే, మా దగ్గర లేవు, ఉన్న చోట కూడా సగం రోజులు కరెంటు ఉండదు.

జూన్‌లో బడి తెరిచాక మొదలుపెడితే ఆగస్టు 29కి, అంటే తెలుగు భాషా దినోత్సవానికి, చూపించుకోడానికి ఏదో ఒకటి తయారవుతుంది. ఆ డేట్ ఊరికే చెప్పట్లేదు, అది జనం మాట్లాడే తెలుగు కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, 1863. ఆయన 1880లో ఇదే పర్లాకిమిడిలో రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలీదు, గిడుగు అంటే ఎక్కడో రాజమండ్రిలో ఉన్నాయన అనుకుంటారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిశాకే ఆయన ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళింది. మొదటి క్లాస్‌లో ఈ ముక్క చెప్పండి చాలు, పిల్లలు సర్దుకుని కూచుంటారు.

మొదటి పని: రెండు వారాలు ఏమీ దిద్దకండి, వినండి

గిడుగు ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష ఎలా నేర్చుకున్నారంటే పుస్తకం చూసి కాదు, అప్పటికి పుస్తకమే లేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని, మళ్ళీ అడిగి నేర్చుకున్నారు. తర్వాత నిఘంటువు, వ్యాకరణం కూడా తయారుచేశారు. మనమూ అదే చేద్దాం, చిన్న సైజులో.

నోట్‌బుక్‌లో పేజీకి అయిదు కాలమ్‌లు గీయించండి. విన్న మాట, ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఒడియాలో ఏమంటారు, తెలుగు పుస్తకంలో ఏమంటారు. రోజుకి రెండు మాటలు, అంతకన్నా వద్దు, ఎక్కువ అడిగితే ఆదివారం సాయంత్రం కూచుని పద్నాలుగూ సొంతంగా కల్పించి రాసేస్తారు, నాకు అనుభవం. "ఎవరన్నారు" కాలమ్‌లో పేరు అక్కర్లేదు, "చేపలమ్మే పిన్ని", "బస్సు కండక్టర్", "మా నాన్నమ్మ" ఇలా చాలు. మాట ఎలా వినిపిస్తే అలాగే రాయాలి, ఇది గట్టిగా చెప్పండి. "ఒగ్గేయ్" అని వింటే ఒగ్గేయ్ అనే రాయాలి, "వదిలేయి" అని అందంగా దిద్ది రాస్తే ఆ మాట మనకి దొరకనట్టే.

మొదటి వారం మా క్లాస్‌లో వచ్చినవి చూడండి. బేగి (తొందరగా), ఏటి (ఏమిటి), జోళ్ళు (చెప్పులు), తొంగోడం (పడుకోవడం), గుంటడు (పిల్లాడు), పఖాళ (నీళ్ళలో నానేసిన అన్నం), మురీ. మురీ దగ్గర ఒక పీరియడ్ మొత్తం అయిపోయింది. ఒకడు అది ఒడియా మాట అన్నాడు, ఒడియాలో ముఢి అంటారు గనక. ఇంకొకమ్మాయి కాదు సార్, వైజాగ్ బీచ్‌లో మురీ మిక్చర్ అని బండి మీద రాసుంటుంది, అది తెలుగే అంది. పుస్తకంలో మరమరాలు అని ఉంది. మరి మురీ తెలుగా కాదా? నేను ఏమీ తేల్చలేదు, మీరూ తేల్చకండి. బోర్డు మీద మూడూ రాసి వదిలేయండి, ఇంటికెళ్ళి నాన్నమ్మల్ని అడుగుతారు. పఖాళకీ చద్దన్నానికీ తేడా ఏంటని కూడా ఇలాగే రెండు రోజులు గొడవైంది, నీళ్ళలో నానేసింది ఒకటి, రాత్రి మిగిలింది ఒకటి, మరి తరవాణి ఏ లెక్కలోకొస్తుంది అని.

ఒక జాగ్రత్త. మీ క్లాస్‌లో ఇంట్లో సవర మాట్లాడే పిల్లలో, కోంధుల భాష కుయి మాట్లాడే పిల్లలో ఉంటారు. మా క్లాస్‌లో ఒక సవర అమ్మాయి జూన్ అంతా నోరు విప్పలేదు. ఆరో కాలమ్ ఒకటి గీయించి "సవరలో" అని పెట్టాను. ఆ కాలమ్ నింపాలంటే క్లాస్ మొత్తానికి ఆ అమ్మాయే దిక్కు, ఇంటర్వెల్‌లో ముప్పై మంది నోట్‌బుక్‌లు పట్టుకుని ఆమె చుట్టూ మూగేవాళ్ళు. సవరకి సొంత లిపి కూడా ఉందని, 1936లో మంగేయి గమాంగో తయారుచేసిన సొరంగ్ సోంపెంగ్ అని, ఆ అమ్మాయి వాళ్ళ మామయ్యని అడిగి వచ్చి క్లాస్‌కి చెప్పింది. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు.

రెండో పని: జంట మాటల పెట్టె

శిక్ష, చేష్టల గొడవలోంచి పుట్టింది ఇది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. అట్టపెట్టెకి పైన చీలిక పెట్టండి. ఒడియాలోనూ తెలుగులోనూ ఒకేలా వినిపించి అర్థం వేరే ఉన్న మాట దొరికితే చీటీ మీద రాసి అందులో వేయాలి. చీటీకి ఒకవైపు ఒడియా అర్థంతో ఒక వాక్యం, రెండోవైపు తెలుగు అర్థంతో ఒక వాక్యం. వారానికోసారి పెట్టె విప్పి చదవడం.

మీకు మొదట్లో అరడజను తెలిసుండాలి, పిల్లలకి దారి చూపించడానికి. ఉపన్యాస, ఒడియాలో నవల, మనకి మైకు ముందు మాట్లాడేది. రాగ అంటే వాళ్ళకి కోపం, మనకి పాటలో ఉండేది. కథా అంటే వాళ్ళకి మాట, సంగతి, మనకి కథే. లోక అంటే మనిషి, జనం, మనకి లోకం మొత్తం. అభిమాన అంటే అలిగి మనసు కష్టపెట్టుకోవడం, మనకి ప్రేమ, హీరోలంటే ఉండేది. పాణి అంటే వాళ్ళకి నీళ్ళు, మనకి చెయ్యి, అదీ చక్రపాణి లాంటి పేర్లలోనే. ఇక హెడ్‌మాస్టర్ గది బయట బోర్డు చదివించండి, ప్రధాన శిక్షక అని ఉంటుంది, తెలుగులో చదివితే పెద్ద శిక్షలు వేసేవాడు అన్నట్టుంటుంది. పిల్లలు పడి పడి నవ్వుతారు, హెడ్‌మాస్టర్ గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

నవ్వులయ్యాక అసలు పని. ఒడియాలో శిక్షా అంటే చదువెందుకు, మనకి దెబ్బలెందుకు? సంస్కృతంలో ఆ మాటకి నేర్చుకోవడం, నేర్పడం అనే అర్థం ఉంది. మరి తెలుగులో ఆ అర్థం పూర్తిగా పోయిందా? ఇక్కడ ఆగి పిల్లల్నే వెతకమనండి. మా క్లాస్‌లో పది నిమిషాలు గింజుకున్నాక వెనక బెంచీ వాడు "శిక్షణ" అన్నాడు. కుట్టు శిక్షణ, కంప్యూటర్ శిక్షణ. ఒక్క ణ చేరేసరికి చదువు అర్థం తిరిగొచ్చింది! ఇంకోటి ఉందేమో చూడమన్నాను. ఒడియాలో బిచార అంటే ఆలోచించి తీర్పు చెప్పడం, తెలుగులో విచారం అంటే బాధ, కానీ కోర్టులో జరిగేది విచారణ. మళ్ళీ అదే ణ. ఇది నేను ఏ పుస్తకంలోనూ చూసి చెప్పింది కాదు, పిల్లలూ నేనూ కలిసి బోర్డు ముందు నిలబడి పట్టుకున్నది, అందుకే ఇంత సంబరం.

అదే క్లాస్‌లో బిచార, విచార చూపించి బ, వ సంగతి కూడా లాగేయొచ్చు. సంస్కృతం మాటల్లో మనం వ అన్న చోట ఒడియాలో చాలావరకు బ పలుకుతారు, బిద్యా విద్య, బర్షా వర్షం, బన వనం. ఇది తెలిస్తే సంబాద అంటే ఏంటో వాళ్ళే పట్టుకుంటారు, మన సంవాదం, కాకపోతే ఒడియాలో దానర్థం వార్త. ఆ తర్వాత ఎవడో ఒకడు మొదటి వారం నోట్‌బుక్ తీసి బేగి చూపిస్తాడు. ఇటు శ్రీకాకుళం వైపు తెలుగులోనూ బేగి, ఒడియాలోనూ బేగి, రెండిటి వెనకా వేగం. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారో తేల్చమని అడుగుతారు, ఆంధ్రభారతి సైట్‌లో చాలా పాత నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు, ఫోన్‌లో తెరిచి వాళ్ళ చేతికే ఇచ్చేయండి.

మహారాష్ట్ర వైపు, సిరొంచ, ధర్మాబాద్, దెగ్లూర్ ఇటువైపు ఉన్నవాళ్ళు ఇదే ఆట మరాఠీతో ఆడించొచ్చు, చీటీలు మాత్రం వేరే పడతాయి. మరాఠీలో శిక్షా అంటే మనలాగే శిక్షే, చదువుకి శిక్షణ్ అంటారు. కానీ రాగ్ అంటే కోపం, విచార్ అంటే ఆలోచన, కాదంబరి అంటే నవల. కాదంబరి అనే పేరున్న పిల్ల మీ క్లాస్‌లో ఉంటే ఇక ఆ పీరియడ్ మీ చేతిలో ఉండదు.

మూడోది చిన్నది: చెవి పరీక్ష

ఒడియా లిపిలో ఎ, ఏలకి వేరే అక్షరాల్లేవు, ఒ, ఓలకీ లేవు. అక్కడ అక్షరాలు నేర్చుకుని వచ్చిన పిల్లలు తెలుగులో దీర్ఘం ఎగ్గొడితే అది బద్ధకం కాదు, చెవికి ఆ అలవాటు లేదంతే. వందసార్లు ఇంపోజిషన్ రాయించినా లాభం లేదు. మెడ, మేడ. నెల, నేల. కొన, కోన. తెగ, తేగ. జంటలో ఒకటి మీరు పలకండి, పొట్టిదైతే పిల్లలు కూచోవాలి, పొడుగైతే లేచి నిలబడాలి. రోజూ అయిదు నిమిషాలు, రెండు వారాలు. ఆ తర్వాత "మెడ మీద మేడ కట్టాడు" లాంటి పిచ్చి వాక్యాలు వాళ్ళనే తయారుచేయమనండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ళ, ణ, ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు, ఇవన్నీ ఈ ఒడియా చదివిన పిల్లలే మన తెలుగు మీడియం వాళ్ళకన్నా శుభ్రంగా పలుకుతారు. కాబట్టి అవి వచ్చే మాటలు వాళ్ళతో చదివించండి, ఎవరికి వచ్చింది వాళ్ళు ముందుండాలి.

నాలుగోది: ఒకే సంగతి, మూడు రకాలుగా

దీనికి పెద్ద టాపిక్ వద్దు, నిన్న జరిగిందే తీసుకోండి. మాకు జూలైలో బడి ముందు నీళ్ళు నిలిచాయి. ముందు ఇంట్లో అమ్మతో ఎలా చెప్తారో అలాగే రాయమన్నాను. ఒకమ్మాయి రాసింది ఇది:

"ఏటి వానే అమ్మా ఇది! బడి కాడ మోకాల్లోతు నీళ్ళు, జోళ్ళు సేత్తో అట్టుకుని ఎల్లాం, సిన్న గుంటలైతే గుమ్మం కాడ్నించే ఎనక్కొచ్చీసేరు."

తర్వాత అదే సంగతి పేపర్లో వార్తలా: "శనివారం రాత్రి కురిసిన వానకి హైస్కూల్ ఆవరణలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. విద్యార్థులు చెప్పులు చేత్తో పట్టుకుని క్లాసులకి వెళ్ళారు. చిన్న తరగతుల పిల్లలు వెనుదిరిగారు."

ఆ తర్వాత వార్డు మెంబర్ గారికి అర్జీలా: "అయ్యా, మా బడి ముందున్న కాలువ పూడిపోయినందువల్ల వానాకాలంలో నీళ్ళు బయటికి పోవడం లేదు. దయచేసి పూడిక తీయించగలరని కోరుతున్నాము."

మూడూ బోర్డు మీద పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న అడగండి: దేంట్లో ఏముంది, దేంట్లో ఏం లేదు? మొదటిదాంట్లో కాలువ ఊసే లేదు, అమ్మకి అది అక్కర్లేదు. వార్తలో ఎప్పుడు అన్నది కొత్తగా వచ్చి చేరింది. అర్జీలో జోళ్ళు పోయాయి, కారణం వచ్చింది, అడగడం వచ్చింది. ఎవరికి చెప్తున్నామో దాన్నిబట్టి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఇంతకన్నా తేలిగ్గా చెప్పే మార్గం నాకు దొరకలేదు. ఇంకో సంగతి, మొదటిది చదివినప్పుడు ఎవరైనా నవ్వితే అక్కడే ఆపండి. అది తప్పు తెలుగు కాదు, ఆ అమ్మాయి ఇంటి తెలుగు, మూడిట్లో ప్రాణం ఉన్నది అదే. జనం మాట్లాడే భాష బళ్ళో ఎందుకుండకూడదు అని గిడుగు సగం జీవితం పోట్లాడింది దీనికోసమే కదా.

ఆ అర్జీ నిజంగా ఇచ్చేశాం. కాలువ ఇంకా తీయలేదు.

అయిదోది: పెద్దవాళ్ళ ఇంటర్వ్యూ, ఇది ఇంటి ప్రాజెక్ట్

ఇది ఒక్కొక్కళ్ళూ సొంతంగా చేయాల్సింది, నెల రోజులు టైమ్ ఇవ్వండి. టాపిక్ వాళ్ళిష్టం, కానీ ఏమీ తోచనివాళ్ళకి చిన్న రైలు ఇవ్వండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో నారో గేజ్ రైలు వేశారు, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది, 2004లో ఆగింది, ఆ మీదట బ్రాడ్ గేజ్ వచ్చింది. అంటే ఇప్పుడు నలభై దాటిన ఎవర్ని కదిలించినా ఒక చిన్న రైలు కథ ఉంటుంది.

పిల్లలు అడిగే ప్రశ్నలు ముందు మీరు చూడండి, ఇక్కడే చాలావరకు పాడవుతుంది. "తాతయ్యా, చిన్న రైలు బాగుండేదా?" "ఆ, బాగుండేది." అయిపోయింది ఇంటర్వ్యూ! అవును, కాదు అని తప్పించుకోడానికి వీల్లేని ప్రశ్నలు కావాలి. "మొదటిసారి ఎక్కినప్పుడు పక్కన ఎవరున్నారు?" "సంచీలో ఏం తీసుకెళ్ళేవాళ్ళు?" "రైలు తప్పిపోతే ఏం చేసేవాళ్ళు?" ఇలాంటివి అయిదు చాలు. ఆయన వేరే దారిలో వెళ్తే వెళ్ళనివ్వాలి, అసలు సరుకు అక్కడే ఉంటుంది. మా స్టూడెంట్ ఒకమ్మాయి రైలు గురించి అడగబోతే వాళ్ళ మామ్మ రైల్లో పనసపండు తీసుకెళ్ళడం గురించి పావుగంట చెప్పింది, ఆ పిల్ల బుద్ధిగా మధ్యలో ఆపి "మామ్మా, రైలు గురించి చెప్పు" అంది. రికార్డింగ్ విన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది.

రికార్డ్ చేసే ముందు రికార్డ్ చేయొచ్చా అని అడగాలి, అదీ రికార్డ్ అవ్వాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మధ్యలో ఎవడో ఫోన్ చేస్తాడు. ఫ్యాన్ ఆపేసి, ఫోన్ కింద మడతపెట్టిన తువ్వాలు వేసి మాట్లాడేవాళ్ళకి మూరెడు దూరంలో పెట్టాలి. పదిహేను నిమిషాలు దాటొద్దు, ఎందుకంటే తర్వాత అది రాయాలి, పది నిమిషాల మాట రాయడానికి హైస్కూల్ పిల్లలకి రెండు గంటలు ఈజీగా పడుతుంది.

రాయడం రెండు విడతలు. మొదట ఉన్నది ఉన్నట్టు, "రైలెక్కీసి" అంటే రైలెక్కీసి, అర్థం కాని చోట చుక్కలు. రెండో విడతలో అందులోంచి ఒక్క పేజీ ఏరుకోవాలి, సొంత మాటల్లో ముందూ వెనకా కలపాలి, తాతయ్య మాటలు మాత్రం ముట్టుకోకుండా కొటేషన్లలో ఉంచాలి. అయ్యాక ఆయనకి చదివి వినిపించి రావాలి. పేరు వద్దంటే తీసేయాలి, ఏదైనా ముక్క వద్దంటే అదీ తీసేయాలి. ఈ చివరి స్టెప్ పిల్లలు ఎగ్గొడతారు, నోట్‌బుక్‌లో ఆ పెద్దాయన సంతకమో వేలిముద్రో చూస్తే గానీ మార్కులు వేయకండి.

ఇంటర్వ్యూ ఇష్టం లేని పిల్లలుంటారు, సిగ్గు, లేదా ఇంట్లో పరిస్థితి బాగోక. బలవంతం వద్దు, వేరేవి ఇవ్వండి. బరంపురం వాళ్ళయితే మగ్గం మాటలు సేకరించొచ్చు, పట్టు నేసే దేరా వాళ్ళ ఇళ్ళకెళ్ళి పడుగు, పేక, నాడె, కండె ఇలా ఒక్కోదానికి బొమ్మ వేసి పక్కన మాట రాసి, రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతర గురించి అక్కడే అడిగి ఇంకో పేజీ రాసి. వి.వి. గిరి 1894లో బరంపురంలోనే పుట్టారు, రాష్ట్రపతి అయ్యారు, ఆయన మీద ఒక పేజీ. బజారులో బోర్డులు ఫోటో తీసి ఏ షాపు ఏ లిపిలో రాసుకుంది, తెలుగు ఎక్కడ కనిపిస్తోంది, బోర్డర్ అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం దాటగానే ఏం మారింది అని లెక్క రాసేది ఇంకోటి, ఇది మగపిల్లలకి భలే నచ్చుతుంది, తిరగొచ్చని. వంట బాగా వచ్చినవాళ్ళు అమ్మ చేసే కూర ఒకటి, కొలతలు "కొంచెం", "కాసింత" అనకుండా, చదివినవాళ్ళు వండుకునేలా రాయాలి, ఇది వినడానికి తేలిక గానీ రాయించి చూడండి. ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం వచ్చినవాళ్ళు విక్షనరీలో, అంటే ఎవరైనా మాటలు చేర్చగలిగే ఆన్‌లైన్ నిఘంటువులో, తమ ఇంటి మాటలు చేర్చొచ్చు.

ఆరోది: గోడపత్రిక

ఆగస్టు మొదటి వారంలో అయిదుగురిని ఎడిటర్లుగా పెట్టండి, మార్కులు బాగా వచ్చేవాళ్ళనే కాదు, కనీసం ఒకరు బాగా మాట్లాడేవాళ్ళు, ఒకరు బొమ్మలేసేవాళ్ళు, ఒకరు ఇంట్లో తెలుగు లేనివాళ్ళు ఉండాలి. వచ్చిన ప్రతి రచనా నూట ఇరవై మాటలకి కుదించాలి. కుదించేటప్పుడు రాసినవాళ్ళు పక్కనే ఉండాలి, ఇది రూలు. ఎడిటర్లు అక్షర దోషాలు దిద్దొచ్చు, యాస దిద్దకూడదు, ఆ రెండిటికీ తేడా మీద రోజూ తగువులొస్తాయి. "సరీరం" అని రాస్తే దోషమా, యాసా? మా ఎడిటర్లు చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు, మాట్లాడుతున్న మనిషి నోట్లోంచి వస్తే యాస, రాసినవాడు సొంతంగా రాస్తే దోషం. నాకు ఇంతకన్నా మంచి రూలు తట్టలేదు, మీకు తడితే మార్చుకోండి.

మార్కుల సంగతి. ఇరవైకి వేస్తాను. ఎనిమిది నోట్‌బుక్‌కి, ఎంత సేకరించారు, నిజంగా విన్నారా కల్పించారా అన్నదానికి. ఆరు, దొరికినదాన్ని ఎలా పేర్చారన్నదానికి. నాలుగు నిలబడి చదివి వినిపించినందుకు. అక్షర దోషాలకి రెండే. ఈ రెండు చూసి కొందరు టీచర్లు నా మీద కోప్పడ్డారు, ఇంత తక్కువా అని. అక్షర దోషాలకి మిగతా ఏడాదంతా పరీక్షలున్నాయి కదండీ.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన నిలబడి అడిగారు, "మాస్టారూ, ఈ చీటీలూ పెట్టెలూ పరీక్షలో వస్తాయా?" చీటీలు రావు. కానీ లేఖ రాయడం, చదివింది సొంత మాటల్లో చెప్పడం, వ్యాసం, ఇవి ఏ బోర్డు పరీక్షలోనైనా ఉంటాయి, మనం చేయించింది అవే. ఇలా చెప్తే సగం మంది ఒప్పుకుంటారు. మిగతా సగం మందిని ఆగస్టు 29న పిలిచి వాళ్ళ నాన్నగారి ఇంటర్వ్యూ గోడ మీద చూపించండి.

ఆ రోజు ఏర్పాట్ల గురించి ఒక్క ముక్క. చార్టులు మైదా జిగురుతో అంటించకండి. మేము మొదటి ఏడాది అలాగే అంటించి బీరువాలో పెట్టాం, దసరా సెలవుల తర్వాత తీస్తే బొద్దింకలు చార్టుల అంచులన్నీ తినేశాయి, పనసపండు మామ్మ పేజీలో మొదటి మూడు లైన్లు పోయాయి. గుండుసూదులు, లేదా వెడల్పు టేపు వాడండి. అంటించే ముందే ప్రతి చార్టూ ఫోన్‌తో వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి, పేజీ నిండేలా, నీడ పడకుండా. నోట్‌బుక్‌లు పిల్లలకి తిరిగి ఇచ్చేయండి, జంట మాటల పెట్టె మాత్రం మీ దగ్గరే ఉంచండి, వచ్చే జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చాక మొదటి రోజు విప్పడానికి అది కావాలి.